క్యాసెట్టు రెండో వైపు

మనుషుల గొంతులు చెరపడం నా వృత్తిలో సగం. మిగతా సగం ఎక్కించడం. రాజోలు బస్టాండు ఎదురుగా నాకు రికార్డింగ్ షాపు ఉండేది. కాగితం మీద పాటల జాబితా రాసుకొస్తే ఖాళీ క్యాసెట్టు మీద ఎక్కించి ఇచ్చేవాణ్ణి. పెళ్ళివారికి సన్నాయి, దీక్షవారికి భజనలు, లారీ డ్రైవర్లకి ఏడుపు పాటలు. అన్నీ ఎవరో పాడినవే, ఎక్కడో అచ్చయినవే. నాదంటూ ఒక్క పాట లేదు. చెవి మాత్రం ఉందని నాకు మహా గర్వం. ఖాళీ టేపు చేసే సొద వేరు, ఖాళీ గదిని రికార్డు చేస్తే వచ్చే మోత వేరు. ఆ తేడా పట్టగలిగినవాడు జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణేనని చెప్పుకునేవాణ్ణి. చెప్పుకోవడానికేం, నోరు నాదేగా.

ఇంటికొకరు గల్ఫులో ఉన్న రోజులవి. ఫోను అందరికీ అందేది కాదు, రాత అందరికీ వచ్చేది కాదు. అందుకని మాటలు క్యాసెట్టు మీద చెప్పి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేత పంపేవారు. ఇక్కడ అరుగు మీద టేప్ రికార్డరు పెట్టుకుని వీధంతా వినేది. విన్నాక ఆ క్యాసెట్టే నా దగ్గరికి వచ్చేది. పాత గొంతు రెండు వైపులా శుభ్రంగా చెరిపి, ఇంటివాళ్ళ జవాబు ఎక్కించి ఇస్తే, తిరిగి వెళ్ళేవాళ్ళు పట్టుకెళ్ళేవారు. ఆ క్యాసెట్లలో ఎవరూ ఏడ్చేవారు కాదు. వీధంతా వింటుంటే ఎవరు ఏడుస్తారు? "నేను బాగున్నాను, అమ్మని మందులు మానొద్దనండి, అందరికీ దండాలు." నూటికి తొంభై క్యాసెట్లు ఇంతే.

తొంభై అయిదులో, తొలకరి రోజుల్లో, శివకోడు నుంచి అచ్చాయమ్మగారు వచ్చారు. ఆవిడ కొడుకు సత్యం కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీంచి పడి నడుం పోయి మంచంలో ఉన్నాడు. కోడలు గంగాదేవి కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళింది.

"మా కోడలు పంపిందండి బాబూ. మేం ఇనేసేం. దీని మీద మా మాటలెక్కించాలండి."

"రెండు వైపులా విన్నారా?"

"ఒక పక్కే ఇన్నామండి. 'ఇంక ఉంటాను, అందరికీ దండాలు' అనేసింది కదండి. ఇంక రెండో పక్కేముంటాదండీ?"

మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. చెరిపే ముందు రెండో వైపు ఒకసారి తిప్పి చూడడం నా అలవాటు. పది నిమిషాల దాకా ఏమీ లేదు. మీట నొక్కబోతుంటే కుళాయి చుక్క పడిన చప్పుడు వినిపించింది. వెనక ఫ్రిజ్ మోత. ఆ మోత శ్రుతిలోనే ఒక ఆడగొంతు చాలా మెల్లిగా, పక్కన కూచుని తనలో తను అనుకుంటున్నట్టు, మొదలైంది.

*చుక్క చుక్క కుళాయి, నాకు వేళ చెప్పే గడియారం*
*తోమిన పళ్ళెంలో మొగం చూస్తే మా అమ్మ కనపడ్డాది*

సినిమా పాట కాదు, భజన కాదు, ఊడుపుల పాట అసలే కాదు. ఎక్కడా దరువు లేదు. చరణం పూర్తయిందనుకుంటే ఆగదు, ఆగిందనుకుంటే కుళాయి చుక్క పడి మళ్ళీ ఎత్తుకుంటుంది. వినేవాడికి ఒళ్ళు తేలిపోతుంది. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పాటలన్నీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్కటి కూడా నన్ను బల్ల ముందు నుంచి కదలనివ్వకుండా చేసింది లేదు. ఇది చేసింది.

చెరపమన్నది చెరిపాను. ముందు కాపీ తీసుకున్నాను. అచ్చాయమ్మగారితో చెప్పలేదు. చెబితే తప్పేమిటని ఇప్పుడు మీరడగవచ్చు. అప్పుడు నాకు తోచిందొకటే: దీన్ని కనిపెట్టినవాణ్ణి నేను. నిధి దొరికినవాడు ఊరంతా దండోరా వేస్తాడా?

రెండో క్యాసెట్టు మరుసటి వేసవికి వచ్చింది. అచ్చాయమ్మగారు ఇటు అడుగు బయట పెట్టగానే నేను రెండో వైపు తిప్పాను. ఈసారి డాబా మీద పాడింది. గాలి మైకులో కొడుతోంది, ఎక్కడో దూరంగా నమాజు పిలుపు, తీగ మీద ఆరేసిన దుప్పట్లు టపటపమంటున్నాయి.

*ఆరేసిన బట్టలు ఊరెళ్తామంటన్నాయి*
*ఏలు వదిల్తే సాలంట, గాలే మోసుకెళ్తాదంట*

గొంతు మొదటిసారికంటే విచ్చుకుంది. గాలికి చోటిచ్చి, గాలి తగ్గాక అందుకుంటోంది. ఎవరూ నేర్పకుండా ఈ విద్య ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను. ఒక పుస్తకం కొని పాటలు రాసుకున్నాను. ఎక్కడ పాడింది, వెనక ఏ చప్పుడుంది, గొంతు ఎలా మారింది, అన్నీ రాశాను. అయిదారు పాటలయ్యాక ఒక క్యాసెట్టుగా తేవాలనుకున్నాను. అట్ట మీద గంగాదేవి పేరు పెద్దక్షరాల్లో, కింద 'సమర్పణ: ప్రభాకరరావు' అని. నా పేరుకి ఎంత సైజు అక్షరాలుండాలో కూడా ఆలోచించుకున్నాను.

ఆ ఏడు నవంబరులో తుపాను వచ్చింది. కోనసీమలో నిలబడి ఉన్న చెట్లకంటే పడుకున్నవే ఎక్కువైపోయాయి. నెలకు పైగా కరెంటు లేదు. షాపు రేకులు లేచిపోతే పాటల పుస్తకం, ఆ రెండు కాపీలు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, బియ్యం డబ్బా తడిసిపోతుంటే క్యాసెట్లు పట్టుకున్నానని.

కరెంటు వచ్చిన వారానికి మూడో క్యాసెట్టు వచ్చింది. గంగాదేవి వేరే ఇంటికి మారానని ఒకటో వైపు చెప్పింది. "ఇల్లు పెద్దది, ముక్తేశ్వరం అబ్బాయి ఇక్కడ డ్రైవరుగా ఉన్నాడు, నాకేం లోటు లేదు."

రెండో వైపు తిప్పాను. తిప్పి, లేచి నిలబడ్డాను.

అంతకు ముందు ఆ గొంతు పక్కన ఉన్నట్టుండేది. ఇప్పుడు నాలుగు వైపుల నుంచీ వస్తోంది. ఒక్క మాట అంటే అది గోడలకి తగిలి, తిరిగొచ్చి, ఇంకో మాట మీద వాలుతోంది. పాడేది ఒక్కతే, వినబడేది పదిమంది. మద్రాసు స్టూడియోల్లో ఎకో కోసం ఎన్ని మిషన్లు పెట్టినా ఇంత మెత్తగా రాదు.

*కొబ్బరి చిప్పంత కిటికీ, చిప్పలో గుక్కెడు ఆకాశం*
*తలుపు తీసే చెయ్యి నాది కాదు, తెల్లారే పొద్దు నాది కాదు*

ఈ మాటలు నేను నా చేత్తో పుస్తకంలో రాసుకున్నాను. పక్కన 'ఎకో అద్భుతం' అని రాసి రెండు గీతలు కొట్టాను.

ఆ పాట నేను వినిపించిన మనిషి ఒక్కడే, బుచ్చిరాజు. పాల సొసైటీలో గుమాస్తా, సాయంత్రమయితే నా బల్ల మీద కూచుంటాడు. సంగీతం గురించి వాడికి తెలిసింది గుండు సున్నా. పాట మొత్తం విని తల గోక్కున్నాడు.

"బానే ఉందిరా. కానీ ఈవిడ బాత్రూంలో కూచుని పాడుద్దేంటీ?"

నాకు ఒళ్ళు మండింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీకు వినిపించడం. అది ఎకోరా. ఆవిడ వెతుక్కుని వెళ్ళి పట్టుకున్న చోటు. మొదటి పాటకీ దీనికీ ఎంత ఎదిగిందో చూడు."

"ఏమోరా బాబూ. పనిమనిషిని అంతసేపు బాత్రూంలో ఎవరుండనిస్తారా అని."

"లేచి వెళ్ళు," అన్నాను. వెళ్ళాడు. పది రోజులు రాలేదు.

ఆ పది రోజుల్లోనే నేను ఆ పని చేశాను. అచ్చాయమ్మగారు, సత్యం తుపాను సంగతులన్నీ ఒకటో వైపు చెప్పారు: ఎన్ని చెట్లు పోయాయి, పాక ఎలా లేచిపోయింది, పంచాయతీవాళ్ళు బియ్యం ఎప్పుడిచ్చారు. సత్యం మాటలు రికార్డు చెయ్యడానికి మిషను నేనే వాళ్ళింటికి మోసుకెళ్ళాను. అక్కడైనా పాటల గురించి నోరు విప్పి ఉండవచ్చు. విప్పలేదు. షాపుకొచ్చి, వెనక నేను కట్టుకున్న రికార్డింగ్ గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, క్యాసెట్టు రెండో వైపు నా గొంతు ఎక్కించి పంపాను. గంగాదేవితో నేను నేరుగా మాట్లాడడం అదే మొదలు. మెచ్చుకున్నాను, ఒక సలహా చెప్పాను. అది ఏమిటో తరవాత చెబుతాను. చెప్పక తప్పదు కూడా.

నాలుగో క్యాసెట్టు తొంభై ఏడు మధ్యలో వచ్చింది. ఒకటో వైపు మూడే ముక్కలు. బాగున్నాను. మీరు జాగ్రత్త. ఉంటాను. రెండో వైపు పాట లేదు. మొదట ఖాళీ అనుకున్నాను. శబ్దం పెంచితే అది టేపు సొద కాదు, గది మోత. ఎక్కడో నీళ్ళ గొట్టంలో గాలి. ఒక మనిషి ఊపిరి. అరగంటా అంతే. చివర్లో బయట నుంచి గడియ తీసిన చప్పుడు, అంతటితో ఆపేసింది.

నేనేమనుకున్నానో చెబితే మీరు నా మొహాన ఉమ్మేస్తారు. ఆవిడ మాటని కూడా వదిలేసిందనుకున్నాను. పాటకి మాట అక్కర్లేని దశ ఇది అని పుస్తకంలో రాశాను. కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నాను.

ఆ తరవాత క్యాసెట్లు రాలేదు. ఎవరి చేతో రాయించిన ఉత్తరాలు రెండు వచ్చాయట. నేను ఎదురు చూశాను, అచ్చాయమ్మగారి కోసం కాదు, అయిదో పాట కోసం.

తొంభై తొమ్మిది చివర్లో గంగాదేవి వచ్చింది. అట్ట మీద ముద్రించుకోవడానికి నేను మనసులో గీసుకున్న మనిషి కాదు. సన్నగా, జుట్టు ముందు వైపు నెరిసి, ముప్పై అయిదేళ్ళకే యాభై ఏళ్ళ మనిషిలా ఉంది. షాపు మెట్ల మీదే నిలబడింది.

"ప్రభాకరరావుగారంటే మీరేనాండి?"

"నేనేనమ్మా. ఎవరు?"

"సత్యం ఇంటిదాన్నండి. గంగాదేవిని."

నేను కౌంటరు ఇవతలికి ఎలా వచ్చానో తెలియదు. కుర్చీ వేశాను. టీ తెప్పించాను. పాటల పుస్తకం తెచ్చి చూపించాను. నాలుగు కాపీలు బల్ల మీద వరసగా పెట్టాను. ఆపకుండా మాట్లాడాను. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

"ఇప్పుడు మీరిక్కడే ఉన్నారు కదమ్మా, సరిగ్గా రికార్డు చేద్దాం. రండి, గది చూద్దురుగాని," అని వెనక తలుపు తీశాను. చప్పుడు రాకుండా నాలుగు గోడలకీ కొబ్బరిపీచు పరుపులు కొట్టించాను. తలుపుక్కూడా. కిటికీ లేదు. నా ఆస్తి మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ గది.

ఆవిడ లేచి గుమ్మం దాకా వచ్చింది. లోపలికి చూసింది. చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది. వెనక్కి వెనక్కి నడిచి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. బస్సులు, జనం, ఎండ. అక్కడ నిలబడి గట్టిగా ఊపిరి తీసుకుంది. నేను వెనకే వెళ్ళాను.

"ఏమైందమ్మా?"

షాపు వైపు చూడకుండా చెప్పింది. "రెండో ఇంట్లో ఆళ్ళు బయటికెళ్తే నన్ను బాత్రూంలో పెట్టి గడియేసేవోరండి. సుట్టాలొచ్చినా అంతే. ఒక్కోసారి రెండు రోజులు. కొంగులో చిన్న టేప్ రికార్డరు ఉండేదండి నాకాడ, మొదటి ఇంటమ్మ ఇచ్చింది. ఒకటో పక్కన సెప్పలేనండి. ఈదంతా ఇంటాది, మంచంలో ఉన్నోడు ఏం చేస్తాడని. రెండో పక్కన పాడేను. ఎవరో ఒకళ్ళు తిప్పి ఇంటారు కదా అని."

"డ్రైవరుతో చెప్పలేకపోయారా?"

"ఆడూ ఆ ఇంట్లో పనోడేనండి. ఉతికిన బట్టల సంచిలో క్యాసెట్టు దాచి ఇస్తే పట్టుకెళ్ళేవోడు, అదే సానా ఎక్కువ." ఆగి, నా మొహం చూసింది. "మొదట్లో రెండో పక్క ఖాళీగా తిరిగొచ్చేదండి. చెరిపేరంటే ఇన్నట్టే కదా అనుకున్నాను. మూడోసారి మీ గొంతొచ్చింది. మన రాజోలు మాట. ఎంత ఏడ్చేనో తెలుసాండి? ఇన్నాడు, ఎవరో ఇన్నాడు, ఇంక కబురందుద్ది అనుకున్నాను."

తరవాత ఆవిడ నా మాటలు నాకు అప్పజెప్పింది. నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో అక్కడ తీసుకుంటూ, ఎక్కడ ముద్దుగా సాగదీశానో అక్కడ సాగదీస్తూ, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

"అమ్మా గంగాదేవీ, నేను రికార్డింగ్ షాపు ప్రభాకరరావునండి. మీ పాట విన్నాను. చాలా గొప్పగా ఉంది. ముఖ్యంగా ఆ గదిలో ఎకో. ఇకముందు కూడా ఆ గదిలోనే పాడండి. ఒక్కటే లోపం, తలుపు సందులోంచి బయటి చప్పుడు వస్తోంది. తలుపు బాగా బిగించుకుని పాడండి తల్లీ."

పదిమంది తిరిగే రోడ్డు మీదే చేతులు జోడించాను. తప్పయిందమ్మా అన్నాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను, దానికి కూడా సిగ్గేసింది. ఇరవై ఏళ్ళు చెవి ఉందని విర్రవీగాను. ఊళ్ళో చెవిటివాణ్ణి నేనే.

"ఎలా వచ్చారమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఆ ఇంటోళ్ళు ఊరు మారేటప్పుడు తాళమెయ్యడం మరిసేరండి. ఎంబసీ దాకా నడిసేను. అక్కడ ఏడు నెల్లు." వచ్చిన పని అప్పుడు చెప్పింది. "మా తోటికోడలు దుర్గాశ్రీకి వీసా వచ్చిందండి. ఎళ్ళొద్దే అంటే, నేను బాగుపడి అది బాగుపడకూడదని నాకు కుళ్ళంట. ఆ పాటలుంటే దానికినిపించండి. నా మాట నమ్మకపోయినా ఆ గొంతు నమ్ముద్ది."

మర్నాడు ఉదయం దుర్గాశ్రీని తీసుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చలాకీగా ఉంది. నేను మూడో పాట పెట్టాను. గంగాదేవి మెట్ల మీద, రోడ్డు వైపు తిరిగి కూచుంది. పాట సాగుతున్నంతసేపూ దుర్గాశ్రీ కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పని అయింది అనుకున్నాను. టేపు ఆగింది.

"అక్కా! ఎంత బాగా పాడేవే!" అంది దుర్గాశ్రీ. "బాబుగారూ, నాకొక కాపీ ఎక్కించి ఇవ్వండి. అక్కడ ఇనుకుంటాను."

గంగాదేవి వెనక్కి తిరిగి నన్నే చూసింది. ఆ చూపు మోయడం కంటే చెంపదెబ్బ నయం.

"అమ్మాయ్, అది పాట కాదు," అన్నాను. మొత్తం చెప్పాను. గది, గడియ, నా సలహా, అన్నీ. బుచ్చిరాజుకి తెలిసింది నాకెందుకు తెలియలేదో కూడా చెప్పాను. ఆ పిల్ల మొహం కాసేపు పాలిపోయింది. తరవాత సర్దుకుంది.

"అన్ని ఇళ్ళూ ఒకేలా ఉండవు కదండీ. నాది మంచి ఇల్లంట. మా పుట్టింటి వదినగారి వాళ్ళే చూశారు."

గంగాదేవి లేచి బల్ల దగ్గరికి వచ్చి, కొత్త క్యాసెట్టు ఒకటి తీసి నా ముందు పెట్టింది. "ఒక పక్క ఆ పాట ఎక్కించండి. రెండో పక్క మీ గొంతుతో సెప్పండి. ఈసారి సరిగ్గా."

గదిలోకి వెళ్ళాను, తలుపు వెయ్యలేదు. బస్సుల హారన్లు, కొబ్బరిబొండాల బేరాలు, అన్నీ లోపలికి వచ్చాయి. రానిచ్చాను. "దుర్గాశ్రీ, నేను ప్రభాకరరావుని. నువ్వు పంపే క్యాసెట్టు రెండో వైపు నేను చివరిదాకా వింటాను. నోరు విప్పే వీలు లేకపోతే మీట నొక్కి వదిలెయ్యి. నేను పోల్చుకుంటాను." అంతే చెప్పాను. క్యాసెట్టు వెనక రెండు ప్లాస్టిక్ ముక్కలుంటాయి, వాటిని విరిచేస్తే దాని మీద ఇంకేమీ ఎక్కదు. విరిచి ఇచ్చాను.

ఆ పిల్ల వెళ్ళింది. వెళ్ళిన ఎనిమిదో నెలలో అచ్చాయమ్మగారు క్యాసెట్టు పట్టుకుని వచ్చారు. ముసలావిడ మొహం వెలిగిపోతోంది.

"సిన్నకోడలు సానా బాగుందంటండి బాబూ. ఏసీ గది ఇచ్చేరంట. ఈదంతా ఇన్నాం."

"రెండో వైపు విన్నారా?"

"అటు ఖాళీయేనండి. పెద్దకోడలు తిప్పమందని తిప్పేం. ఏం లేదు."

ఆవిణ్ణి కూచోబెట్టి, పంకా ఆపి, రెండో వైపు పెట్టాను. రోడ్డు చప్పుడుకి ఏమీ తెలియలేదు. చెవి స్పీకరుకి ఆనించాను. పాట లేదు, మాట లేదు. అవతలివాళ్ళకి అది ఖాళీ టేపే.

ఖాళీ టేపు చేసే సొద వేరు. ఖాళీ గదిని రికార్డు చేస్తే వచ్చే మోత వేరు. పదిహేడో నిమిషంలో ఎవరో బయట గడియ సరిచూసుకుని వెళ్ళిపోయారు. తరవాత ఊపిరి మళ్ళీ మొదలైంది.

ఈసారి కాపీ తీయలేదు. చెరపలేదు. అచ్చాయమ్మగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, షాపు తలుపు దగ్గరికి లాగి, క్యాసెట్టు జేబులో పెట్టుకున్నాను.

"ఎక్కడికండీ బాబూ?"

"శివకోడు. మీ పెద్దకోడలికి చెప్పాలి. ఎంబసీకి దారి తెలిసింది ఆవిడకే."